సవరణ: మన్కడ్, బ్రౌన్ రనౌట్ గురించి

నాన్‌స్ట్రైకర్ (బౌలర్ వైపు నిలబడే బ్యాటర్) రనౌట్ల మీద మొన్న పెట్టిన పోస్టులో, 1947లో భారత జట్టు ఆస్ట్రేలియా పర్యటనలో, సిడ్నీ టెస్టులో మన బౌలర్ వినూ మన్కడ్ ఒక్క హెచ్చరిక కూడా లేకుండా ఆస్ట్రేలియా బ్యాటర్ బిల్ బ్రౌన్‌ను ఔట్ చేశాడనీ, ఆస్ట్రేలియా కెప్టెన్ బ్రాడ్‌మన్‌కు అది నచ్చలేదనీ రాశాను. రెండూ తప్పే. ఎక్కడో విన్నది సరిచూసుకోకుండా రాసేశాను.

ఆ పర్యటన రికార్డుల ప్రకారం, డిసెంబరు టెస్టుకు ముందు నవంబరులో అదే సిడ్నీలో ఆస్ట్రేలియా ఎలెవన్‌తో మ్యాచ్ జరిగింది. బంతి వేయకముందే బ్రౌన్ క్రీజు దాటుతుంటే మన్కడ్ ఒకసారి ఆగి హెచ్చరించాడు. బ్రౌన్ మళ్లీ దాటాడు, మన్కడ్ వికెట్లు పడగొట్టాడు. టెస్టులోనూ బ్రౌన్ అలవాటు మారలేదు. ఈసారి హెచ్చరిక లేదు, 18 పరుగుల దగ్గర రనౌట్. గోల చేసింది పత్రికలు. బ్రాడ్‌మన్ మాత్రం తన ఆత్మకథలో మన్కడ్‌నే సమర్థించాడు. బంతి వేసేదాకా నాన్‌స్ట్రైకర్ క్రీజులోనే ఉండాలని నిబంధనే చెబుతుంటే బౌలర్‌ది తప్పెలా అవుతుందన్నది ఆయన వాదన. వికెట్ పోగొట్టుకున్న జట్టు కెప్టెనే అలా అన్నాడు మరి!

ఇంకోటి. '2022లో నిబంధన మార్చారు' అన్న నా మాటను, అంతకుముందు ఇలా ఔట్ చేయడం చెల్లేది కాదన్నట్టు కొందరు చదివారు. అది ముందూ చెల్లేదే. 2019 ఐపీఎల్‌లో అశ్విన్ బట్లర్‌ను చేసిందీ నిబంధనల ప్రకారమే. క్రికెట్ నిబంధనలు రూపొందించే ఎంసీసీ దాన్ని అనుచిత ఆట కిందున్న 41వ నిబంధన నుంచి తీసి, రనౌట్‌కు సంబంధించిన 38లో పెట్టింది, అంతే. పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ సరిచేశాను.