స్కోరు దాచిపెట్టి పందెం కాయమంటున్న బాక్సింగ్

ఫుట్‌బాల్‌లో గోల్ పడితే స్టేడియంలో ఉన్నవాడికీ, టీవీ ముందు కూర్చున్నవాడికీ తెలిసేది ఒకే స్కోరు. క్రికెట్, టెన్నిస్ కూడా అంతే. ప్రొఫెషనల్ బాక్సింగ్ దారి వేరు. 12 రౌండ్ల ఫైట్‌లో 8వ రౌండ్ ముగిసేసరికి ఎవరు ముందున్నారో కాగితం మీద రాసే ఉంటుంది. అది ప్రేక్షకులకు తెలియదు, కామెంటేటర్లకు తెలియదు, కొట్టుకుంటున్న ఇద్దరికీ తెలియదు. రింగ్ పక్కన బల్ల దగ్గర కూర్చున్న కొద్దిమందికి మాత్రం తెలుసు. సరిగ్గా ఆ సమయంలోనే లైవ్ బెట్టింగ్ జోరుమీద ఉంటుంది. బాక్సింగ్ పందేల్లో మోసం అనగానే డబ్బు పుచ్చుకుని కావాలని పడిపోయే బాక్సరే అందరికీ గుర్తొస్తాడు. అసలు కంత ఉన్నది ఈ బల్ల దగ్గర.

ముందు ధరల సంగతి. పందేలు నడిపే బుకీ చెప్పే ధరను జోస్యంలా చదివేవాళ్లు ఎక్కువ. నిజానికి అది గెలుపు అవకాశానికి తన లాభం కలిపి, గెలిస్తే రూపాయికి ఎంత చెల్లిస్తాడో చెబుతూ అతను వేసే రేటు. గెలుస్తాడనుకునే ఫేవరెట్‌కు 1.25, ఓడతాడనుకునే అండర్‌డాగ్‌కు 4.00 ఉందనుకోండి. అమెరికా పద్ధతిలో ఇవే -400, +300. బ్రిటన్ పద్ధతిలో 1/4, 3/1. ఒకటిని 1.25తో భాగిస్తే 80 శాతం, 4తో భాగిస్తే 25 శాతం, కలిపితే 105. అవకాశాలు నిజానికి 100 దాటవు కాబట్టి పైనున్న 5 బుకీది. ఫేవరెట్ మీద 80, అండర్‌డాగ్ మీద 25 వసూలైతే, ఎవరు గెలిచినా అతను చెల్లించేది 100. డబ్బు ఒకవైపే ఒరిగిపోతుంటే ధర కదిపి రెండో వైపుకు పిలుస్తాడు.

అందుకే ధర కదిలిందంటే బాక్సర్ ఫామ్ మారిందని అర్థం కాదు. 2017లో మేవెదర్ 49 ఫైట్లలో 49 గెలిచినవాడు, మెక్‌గ్రెగర్‌కు అది తొలి ప్రొఫెషనల్ బాక్సింగ్ ఫైట్. అయినా పోరు దగ్గరపడేకొద్దీ మెక్‌గ్రెగర్ ధర సగానికి పైగా దిగిపోయింది. అభిమానుల డబ్బు అటు పోటెత్తింది, అంతే. మేవెదర్ 10వ రౌండ్‌లో పని ముగించాడు. ఇక ధర ఎంత దారుణంగా తప్పగలదో చెప్పడానికి 1990 ఫిబ్రవరి నాటి టోక్యో చాలు. లాస్ వెగాస్‌లోని మిరాజ్ కేసినో 42-1 (రూపాయికి 42 లాభం) ఇచ్చిన బస్టర్ డగ్లస్ మైక్ టైసన్‌ను నాకౌట్ చేశాడు. 42-1 అంటే రెండు శాతం పైచిలుకు అవకాశమన్నమాట.

ఎవరు గెలుస్తారన్న పందెంలో బుకీ కోత తక్కువ. ఏ రౌండ్‌లో గెలుస్తారన్నదానికి వెళ్తే లెక్క మారిపోతుంది. 12 రౌండ్లు, ఇద్దరు బాక్సర్లు అంటే 24 ఫలితాలు. చెరొక పాయింట్ల గెలుపు, ఒక డ్రా కలిపితే 27. ఒక్కోదాని మీద ఒక్క శాతం చొప్పున ఎక్కించినా మొత్తం 127 అవుతుంది. పది, ఇరవై, ముప్పై ఇంతలు కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్లు మొదట పడేది ఇక్కడే.

నిబంధనలు చదవక పోగొట్టుకునే డబ్బు మరో రకం. గెలుపు పందెం రెండు ఫలితాల మీదైతే డ్రా అయినప్పుడు డబ్బు వాపసు వస్తుంది. డ్రాను మూడో ఫలితంగా అమ్మే చోట బాక్సర్ల మీద కాసినదంతా పోయినట్టే. 2018 డిసెంబర్‌లో వైల్డర్-ఫ్యూరీ తొలి పోరులో ముగ్గురు జడ్జీల స్కోరు కార్డుల్లో ఒకటి 115-111 వైల్డర్‌కు, ఇంకొకటి 114-112 ఫ్యూరీకి, మూడోది 113-113. ఫైట్ డ్రా. ఒకే బాక్సర్ మీద ఒకే మొత్తం కాసిన ఇద్దరిలో ఒకడికి డబ్బు తిరిగొచ్చింది, రెండోవాడికి రాలేదు. రౌండ్ల సంఖ్య మీద పందెంలో 9.5 కంటే ఎక్కువ అంటే 10వ రౌండ్‌లో నిమిషంన్నర దాటాలి. తర్వాతి రౌండ్ గంట మోగినా స్టూల్ మీంచి లేవని బాక్సర్, చాలామంది బుకీల లెక్కలో ముందు రౌండ్‌లోనే ఓడినట్టు. డిస్‌క్వాలిఫై చేస్తే అది నాకౌట్ గూటిలోకి వెళ్తుంది. పొరపాటున తలలు ఢీకొని గాయమై, నాలుగు రౌండ్లు పూర్తయ్యాక ఫైట్ ఆగితే అప్పటిదాకా ఉన్న కార్డులు లెక్కేస్తారు. ఆ ఫలితం పాయింట్ల గెలుపు కిందికి వస్తుంది.

ఇక చెల్లింపు సాధారణంగా ఆ రాత్రి రింగ్‌లో ప్రకటించిన ఫలితాన్ని బట్టే. 2024 ఏప్రిల్‌లో ర్యాన్ గార్సియా డెవిన్ హేనీని మూడుసార్లు పడగొట్టి గెలిచాడు. తర్వాత డోపింగ్ పరీక్షలో దొరికిపోవడంతో అక్కడ బాక్సింగ్‌ను నియంత్రించే న్యూయార్క్ కమిషన్ ఆ ఫైట్‌ను నో కాంటెస్ట్‌గా, అంటే ఎవరూ గెలవని పోరుగా మార్చింది. రికార్డు పుస్తకం మారినంత మాత్రాన పందేల నిబంధన మారదు.

ఇప్పుడు బల్ల దగ్గరికి వద్దాం. రౌండ్ ముగియగానే ముగ్గురు జడ్జీలు విడివిడిగా చీటీ మీద రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 చొప్పున 10-9 అనో, ఒకరు కిందపడి ఉంటే 10-8 అనో రాస్తారు. ఒకరి చీటీ మరొకరు చూడరు. చాలాచోట్ల రిఫరీయే వాటిని సేకరించి బల్లకు అందిస్తాడు. అక్కడి అధికారి పెద్ద షీట్‌లో ఎక్కించి కూడుతూ పోతాడు. ఇదంతా ఒక్క నిమిషం విరామంలో జరిగే పని. పందెగాళ్లు ఫోన్‌లో కొత్త ధర చూసి కాసేదీ ఆ నిమిషంలోనే. బుకీ దగ్గరైనా ఉన్నది సొంత అంచనాయే, అసలు స్కోరు కాదు.

2017 సెప్టెంబర్‌లో జరిగిన కానెలో-గొలొవ్‌కిన్ పోరు తీసుకోండి. ఒక జడ్జి 115-113తో గొలొవ్‌కిన్‌కు ఇచ్చారు, మరొకరు 114-114. మూడో జడ్జి అడలేడ్ బర్డ్ మాత్రం 118-110తో కానెలోకు ఇచ్చారు. అంటే ఆమె లెక్కలో 12 రౌండ్లలో గొలొవ్‌కిన్‌కు దక్కినవి రెండే. దీన్నుంచి వెనక్కి లెక్క కట్టండి. 8 రౌండ్లు ముగిసేసరికి ఆ కార్డులో కానెలోకు కనీసం ఆరు రౌండ్లు ఉండి తీరాలి. ఎవరూ కిందపడకపోతే, మిగిలిన నాలుగూ గొలొవ్‌కిన్ గెలిచినా ఆ కార్డు మీద మహా అయితే డ్రా. మూడింటిలో ఒక కార్డు అతనికి మూసుకుపోయిందని బల్ల దగ్గరున్నవాళ్లకు తెలిసే స్థితి అది. బయట కోట్లమంది చూస్తున్నది మాత్రం హోరాహోరీ పోరు. బర్డ్ తప్పుడు పని చేశారనడానికి ఆధారం లేదు, నా వాదనకు అది అక్కర్లేదు కూడా. చీటీలు నిజాయితీగా రాసినవైనా, వాటిని ముందే చూసినవాడి చేతిలో ఉన్నది సరుకే.

ఆ సరుకు ఎంతసేపు నిలుస్తుందో చూడండి. టీవీ ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యం కాబట్టి స్టేడియంలోంచి ముందే పందెం కాసేవాళ్లుంటారు. వాళ్లకు అడ్డుకట్టగా బుకీలు లైవ్ పందేన్ని కొన్ని సెకన్లు ఆపి గానీ ఒప్పుకోరు. స్కోరు తెలిసినవాడి ముందు ఆ ఎత్తు పారదు. 8వ రౌండ్ తర్వాత విరామాలతో కలిపి ఇంకా 16 నిమిషాల ఆట మిగిలి ఉంటుంది. అతనికి అంత తీరిక. చీటీ పొక్కిందని నేననడం లేదు. పొక్కితే పట్టుకునే దారి ఎక్కడుందని అడుగుతున్నాను.

పాతకాలంలో ఫైట్ అమ్మాలంటే బాక్సర్‌ను కొనాలి. 1947లో జేక్ లామొట్టా బిల్లీ ఫాక్స్ చేతిలో కావాలనే ఓడిపోయాడు. 1960లో సెనేట్ ఉపసంఘం ముందు ఆ మాట తానే ఒప్పుకున్నాడు. అందులో బాక్సర్ నటించాలి, జనం నమ్మాలి, నోళ్లు మూతపడాలి. ఈ రోజుల్లో రింగ్‌లో ఎవరినీ తాకనక్కర్లేదు, రెండు అంకెలు చెవిన పడితే చాలు.

స్కోరు బయటపెడితే ముందున్నవాడు చివరి రౌండ్లలో తప్పించుకు తిరుగుతాడని, ఉత్కంఠ చస్తుందని, జనం కేకలకు జడ్జీలు బెదురుతారని ఒక వాదన ఉంది. టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ కొన్నిచోట్ల 4, 8 రౌండ్ల తర్వాత స్కోరు చదివించే పద్ధతి తెచ్చినా చాలా కమిషన్లు ఒప్పుకోనిది అందుకే. కానీ 1999 సెప్టెంబర్‌లో డి లా హోయా చేసిందేమిటి? స్కోరు దాచి ఉన్నందుకే తాను బాగా ముందున్నాననుకుని, చివరి రౌండ్లన్నీ ట్రినిడాడ్‌కు దూరంగా జరుగుతూ గడిపి ఓడిపోయాడు. దాపరికం పరుగును ఆపలేదు, తప్పుడు లెక్కతో పరిగెత్తించింది.

అసలు రోగం పందేలకంటే పెద్దది. జడ్జీ తన రౌండ్‌కు అదే రౌండ్‌లో జవాబు చెప్పాల్సిన పని లేకపోవడమే ఆ రోగం. 1988 సియోల్ ఒలింపిక్స్ ఫైనల్‌లో రాయ్ జోన్స్ కొట్టినవి 86 పంచ్‌లు, ప్రత్యర్థివి 32. తీర్పు 3-2తో ప్రత్యర్థికి పోయింది. 2012లో పాకియావో-బ్రాడ్లీ తీర్పును అలాంటి మరో సంస్థ డబ్ల్యూబీవో ఐదుగురు జడ్జీలతో మళ్లీ చూపించింది. ఐదుగురూ పాకియావో గెలిచాడన్నారు. ఫలితం మాత్రం కదల్లేదు. 2016 రియో ఒలింపిక్స్ తర్వాత అక్కడ పనిచేసిన 36 మంది రిఫరీలనూ జడ్జీలనూ పక్కనపెట్టాల్సి వచ్చింది. టోక్యో క్రీడలకు వచ్చేసరికి ప్రతి రౌండ్ తర్వాతా స్కోర్లు తెర మీద వేశారు, పారిస్‌లోనూ వేశారు. తీర్పుల మీద గొడవలు ఆగిపోలేదు. కానీ ఏ జడ్జీ ఏ రౌండ్‌లో దారి తప్పాడో చూసేవాడికి అప్పటికప్పుడే తెలిసింది.

ప్రొఫెషనల్ కమిషన్లు స్కోరు చూపించనంటే, కనీసం మరో పని చేయించవచ్చు. మొదటి గంట మోగగానే గెలుపు మీద, పాయింట్ల గెలుపు మీద, డ్రా మీద లైవ్ పందేలు మూసేయాలి. నాకౌట్ అవుతుందా, ఎన్ని రౌండ్లు సాగుతుంది అన్నవి తెరిచే ఉంచవచ్చు. అక్కడ బల్ల దగ్గరి షీట్‌కు పెద్దగా విలువ లేదు. పంచ్ తగిలి ఒకడు కిందపడితే అది అందరికీ ఒకేసారి కనిపిస్తుంది.