ఆస్పత్రి ఎంపిక సంఘం: అత్యవసర సమావేశం

మా దిక్కు మనిషికి పక్షవాతం వస్తే ముందుగా కదిలేది అంబులెన్స్ కాదు, చుట్టాలు. డాక్టర్లు దీన్ని తప్పుపడతారు. వాళ్లకు ప్రజాస్వామ్యం మీద గౌరవం లేదు. బర్రెను కొనాలన్నా నలుగురిని అడిగే వంశం మాది. మెదడు దగ్గరికి వచ్చేసరికి తొందరపడతామా?

మొన్న హన్మకొండలో మా పెద్దనాయనకు పొద్దున ఆరుంబావుకు మూతి ఓ పక్కకు పోయింది. కుడిచెయ్యి వాలిపోయింది, మాట ముద్దయింది. ఆరున్నరకల్లా ముందర్రలో కోరం నిండింది. అధ్యక్షత పెద్దబావది. ఐదేళ్ల కింద మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు కాబట్టి వైద్యరంగంలో ఆయన మాటకు తిరుగులేదు.

"గా దవాఖాన్ల మనోడున్నడు" అన్నాడు. మనోడు అక్కడ పార్కింగ్ చీటీలు రాస్తాడు. "అండ్ల లిఫ్ట్ సుత లేదు, గీ కొత్తదాంట్లకు పోదాం, ఏసీ రూములు" అని చిన్నబామ్మర్ది. ఎవరో సర్కారు పెద్దాస్పత్రి ఎంజీఎం పేరెత్తారు. "నలుగురు ఏమనుకుంటరు?" అన్న ఒక్క ప్రశ్నతో ఆ ప్రతిపాదన వీగిపోయింది. 108కి చేద్దామంటే "ఇంట్ల కారు పెట్టుకోని సర్కారు బండా?" అన్నారు.

డిగ్రీ చదివే మనవరాలు మధ్యలో లేచింది. "ఫోన్ చేసి ఒక్కటే అడుగుదాం తాతా. సీటీ స్కాన్ ఇప్పుడు నడుస్తదా, గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇచ్చే డాక్టర్ ఉన్నడా అని." పెద్దోళ్ల మధ్యల నీకేం పని అని ఆ సవరణను తోసిపుచ్చారు.

పిల్ల మొండిది, వంటింట్లో నన్ను పట్టుకుంది. మెదడు నాళంలో గడ్డ అడ్డుపడితే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయట. దాన్ని కరిగించే మందు మామూలుగా మొదటి 4.5 గంటల్లోనే ఇస్తారట. అందులోనూ ఎంత ముందు పడితే అంత మేలు. నాళం చిట్లి రక్తం కారుతుంటే మాత్రం అదే మందు ప్రాణం తీస్తుంది. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, తేల్చేది స్కానే. పెద్ద నాళం మూసుకుపోతే తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. కొందరికి 24 గంటల దాకా వీలుంటుంది గానీ, ఆ ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు. ఇన్ని చెప్పిందిగానీ, లిఫ్ట్ ఉందో లేదో ఒక్క ముక్క చెప్పలేదు.

ఏడింటికి ఆరెంపీ వచ్చాడు. బీపీ చూసి, నాలుక కింద గోళీ పెట్టబోయాడు. స్కాన్ కాకముందే బీపీని ఒక్కసారిగా దించితే మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గుతుందని పిల్ల అడ్డం నిలబడింది. ఈలోపు మా మేనత్త చాయ్ కలిపి తెచ్చింది. మింగలేని మనిషికి చాయ్ పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. మర్యాద మాత్రం కడుపులోకే పోతుందని మా నమ్మకం.

ఎనిమిదింటికి హైదరాబాద్ కొడుకు వీడియో కాల్. "ఈడికే తీస్కరాండ్రి, 150 కిలోమీటర్లే గద." సంఘం లెక్కలు వేసింది. మూడు గంటలు. జనగామ దగ్గర టిఫిన్ చేసినా పన్నెండు లోపే. దీనికి దాదాపు ఏకగ్రీవం కుదిరింది, డ్రైవర్ దొరక్క ఆగింది.

చివరికి మనోడి దవాఖానే గెలిచింది. పార్కింగ్ ఉచితం. స్కాన్ తీసే అబ్బాయి మాత్రం పదింటికి గాని రాడు, వచ్చాక మిషన్ వేడెక్కలేదన్నాడు. అక్కణ్నుంచి చీటీ రాయించుకుని రెండో దవాఖానకు చేరేసరికి పదకొండూ పది. మంచం పక్కన నర్సు ఉంటుందా, మింగడం పరీక్షిస్తారా, చెయ్యీ కాలూ కదిలించే వ్యాయామం ఎప్పుడు మొదలుపెడతారు అని మాలో ఒక్కరం అడిగి ఉంటే ఒట్టు. పక్షవాతానికే విడిగా వార్డు పెట్టి, ఆ పని తెలిసినవాళ్లతో చూసుకునే చోట చావులూ, మంచాన పడేవాళ్లూ తగ్గుతారని వైద్యులు ఎప్పుడో తేల్చారు. మేం తేల్చింది టీవీ సైజు.

డాక్టరమ్మ ఒక్క మాటే అడిగింది: "చివరిసారి బాగున్నది ఎన్నింటికి?"

సంఘం మొత్తం గొంతు విప్పింది. ఏడు అన్నాడు బావ. రాత్రి నుంచే అన్నాడు బామ్మర్ది. పొద్దున్నుంచీ ఆయన చొల్లు తుడుస్తూ కూర్చున్న పెద్దమ్మను ఎవరూ సమావేశానికి పిలవలేదు. ఆమే చెప్పింది.

"పాల పాకెట్ తెచ్చి నా చేతుల పెట్టిండు బిడ్డా. గప్పుడు మంచిగనే ఉన్నడు. గిన్నె పొయ్యి మీద పెట్టి తిరిగేసరికి కూలవడ్డడు. ఆరుంబావు."

డాక్టరమ్మ గోడ గడియారం చూసి, కలం మూత పెట్టింది.

సాయంత్రం సంఘం మళ్లీ కూర్చుంది. పడ్డ చెయ్యికి పావురం నెత్తురు రుద్దాలన్న దాంట్లో ఎవరికీ అనుమానం లేదు. తెల్లదా, బూడిదరంగుదా అన్న దగ్గర వాయిదా పడింది.