పాత స్కార్పియో నడిమి సీటు వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నడిమి సీటు వారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ తమరి మీద ఒక రాత్రి పడుకుని లేచిన నడుముకి కుశలం ఎక్కడిది? అందుకని నేరుగా సంగతికొస్తున్నాం: తమరిని పీకి, ఆ చోట రాత్రి పడుకోవడానికి చెక్క బల్ల కట్టుకుంటున్నాం.

తమరు మడుచుకుంటారని బండి అమ్మినవాడు చెప్పాడు, కొన్నవాడు నమ్మాడు. మడుచుకుంటారు, కాదనం. లివరు లాగితే వీపు ముందుకు వాలి కుషన్ మీద పడుతుంది. అక్కడితో తమరి వినయం సరి. ఆ పైన వెనక నేలకన్నా ఎత్తుగా, కాస్త ఏటవాలుగా, కీలు దగ్గర పిడికిలి పట్టేంత సందుతో, సంక్రాంతికొచ్చి అలిగిన కొత్తల్లుడిలా బిగదీసుకుంటారు. ఆ మిట్ట మీదే పరుపేసి క్యాంపింగ్ అనేవాళ్లున్నారు. అర్ధరాత్రికి పరుపు సందులోకి దిగుతుంది. తెల్లవారుజాముకి మనిషి దాని వెంటే దిగుతాడు.

బల్లను తమరి ఎత్తుకే లేపి కట్టుకోవచ్చు కదా అంటారు కొందరు పెద్దమనుషులు. స్కార్పియో అంటే ఛాసిస్ ఫ్రేము మీద కూర్చున్న బాడీ. నేల ముందే ఎత్తు. తమరి ఎత్తు ఒకటి, బల్ల ఒకటి, పరుపు ఒకటి కలిస్తే పైకప్పు ముక్కుకి తగులుతుంది. పక్కకు తిరగాలన్నా భుజం అడ్డం. కాబట్టి తమరికి ప్రయాణం ఉన్నన్నాళ్లూ సెలవు మంజూరు చేయడమైనది. వెనక ఎదురెదురు సీట్లతో మాకు పేచీ లేదు. పాపం, మడిస్తే గోడకు ఆనుకుని నిలబడతాయి. కొంత వెడల్పు తింటాయి గనక, అవి మడిచి ఉండగానే టేపు పెట్టాలి.

ఇక తమరి వీడ్కోలు. ఇన్నేళ్లుగా వానాకాలం బురద కాళ్లు కడిగిన బోల్టులవి, పిలవగానే రావు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేయాలి. పొద్దున బాక్స్ స్పానరుకి పొడుగు పైపు తొడిగి నిదానంగా తిప్పాలి. కుదుపుతో తిప్పితే తల తెగి మొండెం నేలలో మిగులుతుంది. ఆ తర్వాత డ్రిల్లు, ఆ తర్వాత వెల్డింగు షాపు. ఒక్కడే లేపితే నడుము పడుతుంది. ఇద్దరు పట్టాలి. బయటికి తెచ్చేటప్పుడు తమరి పట్టాలు తలుపు రబ్బరును చీల్చకుండా పాత దుప్పటి అడ్డం పెట్టాలి.

తమరు లేచిన చోట మిగిలే రంధ్రాలను చాలామంది పట్టించుకోరు. దుమ్ము, వాననీళ్లు, సైలెన్సరు కారుతుంటే పొగ కూడా వాటిలోంచే పైకొస్తాయి. వేటితో బల్లను బిగించడం లేదో వాటిలో పాత బోల్టులే తిరిగి ఎక్కించేయాలి. కొట్లో మామూలుగా దొరికే ఎం10, అంటే 10 మిల్లీమీటర్ల లావు బోల్టుకి మర చుట్టుకీ చుట్టుకీ ఎడం 1.5 మిల్లీమీటర్లు. బండ్లలో 1.25 సన్నమర తరచుగా ఉంటుంది. రెండూ చూపుకి ఒక్కటే. బలవంతంగా ఎక్కిస్తే నేలకు అతికించిన నట్టు మర పోతుంది, రేపు తమరికే కూర్చునే చోటు ఉండదు. పీకిన బోల్టు చేతిలో పట్టుకెళ్లి జత చూసి తెచ్చుకోవడం నయం.

బల్ల సంగతి. ముందు సీట్లు పూర్తిగా ముందుకు జరిపి, వాటి వీపు నుంచి డిక్కీ తలుపు లోపలి అంచు దాకా కొలవాలి. 5 అడుగుల 8 అంగుళాల మనిషికి 6 అడుగులు కావాలి, పడుకున్నాక పాదాలు చాపుకుంటాయి కదా. తక్కువొస్తే తల వైపు ఒక పలకను పియానో హింజ్‌తో (పొడుగు పట్టీ బందుతో) తగిలించి, పగలు మడిచి రాత్రి తెరవాలి. వెడల్పు, వెనక చక్రాల మీద లోపలికి ఉబికిన గుబ్బల మధ్య ఎంతుంటే అంతే. గుబ్బల పైనుంచి పోనిద్దామని బల్ల లేపారో, తమరిని పీకి సాధించింది శూన్యం.

ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లు చాలు. 18 అయితే 8x4 షీటు 30 కిలోలు దాటి, పడుకోవడానికి కాదు, మోయడానికి పనికొస్తుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ రకం, అంటే నీళ్లకు తట్టుకునేది తీసుకోవాలి. కాస్త చెమ్మకే ఆగే మామూలు ఎంఆర్ రకం రెండు వానాకాలాలకు పొరలు విప్పుతుంది. గుబ్బల మధ్య 4 అడుగుల లోపే ఉంటుంది గనక ఒక్క షీటు సరిపోతుంది. బల్లను అడ్డంగా రెండేసి అడుగుల మూడు ముక్కలు చేయాలి, లేకపోతే డిక్కీలోంచి లోపలికి తిరగదు. ప్రతి అతుకు కిందా ఒక రీపరు (సన్న చెక్క పట్టీ), ఆ పైన అడుగున్నరకొకటి. మధ్య నేల, వెనక నేల ఒకే ఎత్తు కావు. కాళ్లు ఒకే కొలతకి కోయించి మేస్త్రీని తిట్టడం అన్యాయం.

ఆ కాళ్ల కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించడం మర్చిపోతే, గుంత వచ్చినప్పుడల్లా చెక్క ఇనుముతో మాట్లాడుతుంది. వంద కిలోమీటర్లలో ఆ సంభాషణ కంఠతా వస్తుంది. బల్లను తమరి ఖాళీ రంధ్రాలకే ఎల్-క్లాంపులతో బిగించాలి. ఊరికే పెడితే సడన్ బ్రేకుకి పాతిక కిలోల చెక్క డ్రైవరు వీపు మీదికొస్తుంది. బండి నడుస్తుండగా దాని మీద మనిషి కూర్చోకూడదు, పడుకోకూడదు. తమరికి బెల్టులైనా ఉన్నాయి, చెక్కకు అవీ లేవు.

పరుపు అంటే కింద ఒక అంగుళం రీబాండెడ్ (ఫోమ్ ముక్కలు అతికించి చేసిన గట్టి రకం), పైన రెండంగుళాలు 40 డెన్సిటీ ఫోమ్. ఇంట్లో దూది పరుపు తేవద్దు, చెమ్మ తాగి లేవదు. మంచు పట్టే రాత్రి ఇద్దరు పడుకుంటే ఊపిరి తేమే తెల్లారేసరికి అద్దాల మీంచి కారుతుంది. అదే తేమ పరుపు అడుగున చల్లటి చెక్కకు తగిలి బూజు అవుతుంది. బల్లకు జానెడుకొకటి చొప్పున అంగుళం రంధ్రాలు చేసి, పైన కొబ్బరి పీచు చాప వేస్తే గాలి ఆడుతుంది. అద్దాలు మూల నుంచి మూలకు రెండు, రెండేసి వేళ్ల సందు దించాలి. దోమతెర గుడ్డను తలగడ గలీబులా కుట్టి తలుపు ఫ్రేముకి పైనుంచి తొడిగి తలుపేస్తే దోమ రాదు. వాన పడితే మాత్రం ఆ గుడ్డే ఒత్తిలా నీళ్లు లోపలికి పీలుస్తుంది. అప్పుడు తీసేయక తప్పదు.

ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి నిద్రపోయేవారికి, చలికి కుంపటి లోపల పెట్టుకునేవారికి ఒక మాట: ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకి వాసన ఉండదు, చెప్పి రాదు. లంబసింగి చలికి రెండో రగ్గు, 5 వాట్ల ఫ్యానుకి 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు. రాత్రంతా తిరిగినా మిగులుతుంది. గండికోటలో మే నెల అంటారా, దానికి మందు లేదు, ఇంట్లో పడుకోండి. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9కి గేటు పడుతుంది, అది పులుల అడవి. అక్కడ బండిలో పడక అనే మాటే వద్దు. ఎక్కడ ఆపినా బల్ల మీద తాపీమేస్త్రి రసమట్టం పెట్టి చూడాలి. తల వైపు వేలెడు పల్లమైనా తెల్లారేసరికి తల దిమ్మెక్కుతుంది. పల్లమైన చక్రం కింద చెక్క ముక్క పెట్టి ఎక్కించుకుంటే సరి.

తమరికి గర్వం రాకుండా చివర్లో చెబుతున్నాం: ఆర్‌సీలో తమరి లెక్క ఇంకా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. తమరిని శాశ్వతంగా పంపాలంటే ఆర్టీవో దగ్గర రాయించుకోవాలి. 15 ఏళ్లు నిండి రిజిస్ట్రేషన్ పొడిగింపుకి ఫిట్‌నెస్‌కు వెళ్లే రోజు తమరు హాజరు పట్టీలో ఉండాల్సిందే. అందుకే బాడీకి కొత్త రంధ్రం లేదు, వెల్డింగు లేదు. తిరిగి రాగానే తమరి కొలువు తమరిదే.

ఇట్లు,
నిటారుగా పడుకోవాలనుకునే నడుములు

తా.క.: తమరి బోల్టులన్నీ ఒకే పొడుగు కావు. ‘ఎడమ ముందు’, ‘కుడి వెనక’ అని కాగితం చుట్టి డబ్బాలో వేయడమైనది. తమరి కింద దొరికిన రెండు రూపాయి బిళ్లలు, పల్లీ తొక్కలు, అక్షరాలు చెరిగిపోయిన టోలు రసీదు కూడా అదే డబ్బాలో ఉన్నాయి. తమరు తిరిగొచ్చాక లెక్క చూసుకోగలరు.