పాదాలు వేరు, పాదసూచికలు వేరు

కాలినడకన దూరప్రయాణాలు చేసే మనుషుల గురించి పరిశోధనా పత్రం రాయబూనిన మా మేనల్లుడు, తిరుపతిలో పుట్టి అలిపిరికి కూతవేటు దూరంలో పెరిగినవాడు, తన విషయానికి ఆధారాలు దొరకడం లేదని పెరటాసి అనే తమిళ నెలలో ఒకనాటి ఉదయం నా దగ్గర వాపోయాడు. వాడు ఆ మాట చెబుతుండగానే తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని రోజుల తరబడి నడిచి వస్తున్న గుంపొకటి గోవిందనామాలు చెప్పుకుంటూ మా వీధి చివర సాగిపోతున్నది. వాడు లేచి కిటికీ మూసి, ఈ గోలలో చదువు సాగడం లేదని విసుక్కున్నాడు.

నేను వాణ్ణి తప్పుపట్టను. పరిశోధన అనేది కట్టుబాట్లు గల వ్యవహారం. అందులో నడిచినవాడు ఆధారం కాడు. నడిచినవాణ్ణి గురించి కుర్చీలో కూర్చుని రాసినవాడు ఆధారం. ఇద్దరిలో ఎవరి కాళ్ళకు బొబ్బలెక్కాయన్నది పరిశోధనకు అనవసరం.

మా వాడి గైడుగారు అనుసరించమన్నది ఆధారాలు చూపడానికి అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం వారు పెట్టిన పద్ధతి, అందులోనూ 2019లో వచ్చిన ఏడవ కూర్పు. దాని ప్రకారం మనం ఎవరితోనైనా మాట్లాడి తెలుసుకున్న సంగతిని ‘వ్యక్తిగత సంభాషణ’ అంటారు. దాన్ని వాక్యం పక్కన కుండలీకరణాల్లో పెట్టవచ్చునే గాని పత్రం చివరి ఆధారాల పట్టికలోకి ఎక్కించకూడదు. పాఠకుడు తానుగా వెళ్ళి చూసుకోగలిగినదే పట్టికకు అర్హమైనదట. ఇది ఎంతో న్యాయమైన నియమం. నెలకొకసారి అలిపిరి మెట్లకు పసుపు కుంకుమలు పెట్టే పెద్దావిడను చూడాలంటే పాఠకుడు బస్టాండులో దిగి, ఆటోకు డబ్బిచ్చి, పైగా మెట్లెక్కాలి. చందా కడితే గాని తెరుచుకోని విదేశీ పత్రికలోని వ్యాసమైతే అందరికీ అందుబాటులో ఉన్నట్టే లెక్క.

అందువల్ల మా వాడు మొదట అమెరికా వెళ్ళాడు, కంప్యూటరు మీదనే. అక్కడ అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అపలాచియన్ ట్రయల్ అనే కాలిబాటను బెంటన్ మెకే 1921లో ప్రతిపాదించారు. జార్జియా నుంచి మెయిన్ వరకు అది 1937లో పూర్తయింది. 1948లో ఎర్ల్ షాఫర్ అనే ఆయన దానిని ఒకే ప్రయాణంలో చివరికంటా నడిచానంటే బాట నిర్వాహకులు మొదట నమ్మలేదు. ఆయన తన దినచర్య పుస్తకమూ, తీసిన స్లైడులూ చూపించి ఒప్పించవలసి వచ్చింది. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అవ్వ 67 ఏళ్ళ వయసులో ఆ దారంతా ఒంటరిగా నడిచింది. బాట పొడవు సుమారు 3,500 కిలోమీటర్లు. సుమారు అని ఎందుకన్నానంటే అక్కడక్కడా దారి మళ్ళిస్తూ ఉండడం వల్ల ఆ లెక్క ఏటా కొద్దిగా మారుతుంది. పొడవు రాసేవారు ఏ సంవత్సరపు లెక్కో కూడా రాయాలి. ఆ బాట మీద నడిచేవారు ఒకరికొకరు పెట్టుకునే ముద్దుపేర్లతో చలామణీ అవుతారు కాబట్టి, మజిలీ పుస్తకంలో సంతకం చేసినది ఎవరో తేల్చడం వేరే పరిశోధన. అయినా అది అమెరికా చిక్కు గనుక గౌరవనీయమైనది.

చిక్కంతా మన కొండ దగ్గరే వచ్చింది. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని మా వాడు రాశాడు. ఆధారమేదని గైడుగారు ఎర్రసిరాతో అడిగారు. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతని మా వాడు జవాబిచ్చాడు. అందరికీ తెలిసిన సంగతికి ఆధారం చూపనక్కరలేదన్న నియమం ఉన్నమాట నిజమే గాని, ఆ ‘అందరూ’ అనే మాటలో తిరుపతి చేరదని వాడికి అప్పుడు తెలిసివచ్చింది. వాడు వెతికాడు. ఒక వార్తాపత్రిక ఒక వెబ్‌సైటును చూసి ఆ అంకె వేసింది; వెబ్‌సైటు ఇంకొక పత్రికను చూసి వేసింది; ఆ పత్రిక ‘భక్తుల కథనం ప్రకారం’ అన్నది; భక్తులు పత్రికలో చదివామన్నారు. దారి పొడవైతే ఒకచోట 9 కిలోమీటర్లు, ఇంకొకచోట 11. చంద్రగిరి వైపు నుంచి ఎక్కే శ్రీవారి మెట్టుకు 2,388 మెట్లన్న లెక్క మీద ఇంత రభస లేదు, అది పొట్టి దారి కావడం వల్ల కాబోలు.

చేసేది లేక మా వాడు తానే లెక్కపెడదామని ఒక శనివారం తెల్లవారుజామున బయలుదేరాడు, సాక్షిగా నన్ను వెంటబెట్టుకుని. గాలిగోపురం ఇంకా చాలా పైన ఉండగానే ఆ పెద్దావిడ కనిపించింది. ఎడమ చేతిలో స్టీలు గిన్నె, అందులో తడిపసుపు; చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నడుం వంచి, ఒక్కో మెట్టుకు మూడు వేళ్ళతో పసుపు రాసి, మధ్యలో కుంకుమబొట్టు పెట్టి, పై మెట్టుకు జరుగుతున్నది. కుడిచేతి వేళ్ళు మణికట్టు దాకా పసుపే. ప్రతి మెట్టునూ ముట్టుకుంటున్న మనిషికి మించిన ఆధారం ఏముంటుందని మా వాడు ఆశగా అడిగాడు.

“అవ్వా, మొత్తం ఎన్ని మెట్లుంటాయి?”

ఆమె నడుం ఎత్తకుండానే, “లెక్క పెట్టేదానికి వచ్చినావా, ఎక్కేదానికి వచ్చినావా నాయనా? పక్కకు జరుగు, బొట్టు తొక్కతా ఉండావు” అన్నది.

వాడు ఉలిక్కిపడి పక్కకు జరిగాడు. ఆ జరగడంలో అంకె మరిచిపోయాడు.

ఇక పాత గ్రంథాలే శరణ్యమనుకున్నాం. తాళ్ళపాక అన్నమయ్య ఎనిమిదేళ్ళ ప్రాయంలో కొండకు నడిచి వచ్చాడని, చెప్పులతో ఎక్కబోయి అలసి సొమ్మసిల్లితే అలమేలుమంగ ప్రత్యక్షమై ప్రసాదం పెట్టిందని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రాశాడు. దారిలో ముక్కూ మొహం తెలియనివారు నడిచేవారికి అన్నం పెట్టడాన్ని అమెరికా బాటసారులు ‘ట్రయల్ మ్యాజిక్’ అంటారు, దానిని ప్రస్తావించిన వ్యాసాలూ ఉన్నాయి. మా వాడు రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. గైడుగారు మొదటిదానిని కొట్టివేశారు. మనుమడు తాతను గురించి రాయడం పక్షపాతమనీ, ఆ ద్విపదను సాటి పండితులు సమీక్షించిన దాఖలా లేదనీ అన్నారు.

పోనీ, ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, తిరుపతి మీదుగా కాశీకి పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ప్రతి మజిలీ రాసిపెట్టారు. అది 1838లో అచ్చయింది కూడా. రచయిత ఉన్నాడు, తేదీ ఉంది, అచ్చు ఉంది. గైడుగారు సంతోషించారు. నాకు మాత్రం ఒక దుష్టసందేహం కలిగింది. అయ్యగారు పల్లకీ ఉన్న మనిషి. ఆ పల్లకీని మోసిన బోయీలు మాత్రం నిజంగానే నడిచారు, పైగా బరువుతో నడిచారు. సుదూర పాదచారులు అన్న శీర్షిక కిందికి వచ్చేది వారే. అయితే బోయీలు పుస్తకం రాయలేదు. కాబట్టి మా వాడి పట్టికలో పాదచారిగా నమోదైనది అయ్యగారే. నియమం నియమమే.

పేర్ల బాధ ఒకటి వేరే ఉంది, క్లుప్తంగా చెబుతాను. పట్టిక తయారుచేసే సాఫ్ట్‌వేరు ఇంటిపేరు చివర ఉంటుందని నమ్మి, మన రచయితలందరి ఇంటిపేర్లనూ ఒక్క అక్షరానికి కుదించి, పిలుపుపేర్లను ఇంటిపేర్లు చేసింది. ఆరుగురు వేంకటేశ్వర్లు అన్నదమ్ముల్లా వరసగా నిలబడ్డారు. ఇక పోలిక పరీక్ష, అంటే మన రాత ఇతరుల రాతతో ఎంత కలిసిందో యంత్రం చూసే పరీక్ష. పది శాతం లోపు ఉంటే శిక్ష లేదని విశ్వవిద్యాలయాల మీది యూజీసీ 2018లో నిబంధన చేసింది. నడిచేవారు దారిలో ఏమంటారో మా వాడు విన్నది విన్నట్టు రాయగా, ‘గోవిందా గోవింద’ అన్నది వేరొకచోటి నుంచి ఎత్తి రాసినదని యంత్రం ఎర్రగీత గీసింది. భక్తులు సొంత మాటల్లో పిలిచి ఉంటే ఈ ఇబ్బంది వచ్చేది కాదు.

చివరికి ఆ పెద్దావిడ మాటను కుండలీకరణాల్లోనైనా పెట్టుకోవచ్చునని గైడుగారు దయతలచారు, ఆమె రాతపూర్వకంగా సమ్మతిస్తేనే. మరుసటి నెల మా వాడు మళ్ళీ మెట్లెక్కి పత్రం చాచాడు. ఆమె ఏమీ అడగకుండా సంతకం చేసింది, చేతులు కడుక్కోవడానికి అక్కడ నీళ్ళు లేవు గనుక ఆ చేత్తోనే. సంతకం మీద మూడు వేళ్ళ పసుపు పడింది. అక్షరాలు కనబడడం లేదు, పత్రం చెల్లదు, కొత్తది తెమ్మని గైడుగారు సెలవిచ్చారు.

ఈ శనివారం వాడు ప్లాస్టిక్ కవరులో నాలుగు పత్రాలు, రెండు పెన్నులు, ఒక సీసాడు నీళ్ళు, చేతిగుడ్డ పెట్టుకుని తెల్లవారుజామున నాలుగింటికే వెళ్ళాడు. ఆమె ఏ మెట్టు దగ్గర ఉంటుందో చెప్పలేం కాబట్టి మొదటి మెట్టు నుంచే చూసుకుంటూ పొమ్మన్నాను. ఇప్పుడు పదకొండయింది. ఫోను తీయడం లేదు.