బంగారం రేటులో సగం రూపాయి కథే

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, టీవీల్లో 'పసిడి పరుగు' అని ఒకటే హోరు. ఎందుకు పెరిగిందంటే అమెరికా అప్పులనో, యుద్ధమనో, ట్రంప్ అనో ఏదో ఒకటి చెప్పేస్తారు. అవేవీ అబద్ధాలు కావు. కానీ షాపు బోర్డు మీద కనిపించే రేటులో మన రూపాయి కూడా కలిసి ఉంటుంది, దాని గురించి మాత్రం ఎవరూ పెద్దగా నోరు విప్పరు.

ఒక్కసారి లెక్క వేద్దాం. ప్రపంచ మార్కెట్లో బంగారాన్ని ఔన్సుల్లో, డాలర్లలో అమ్ముతారు, ఔన్సు అంటే 31.1 గ్రాములు. 2025 అక్టోబర్‌లో ఔన్సు తొలిసారి 4,000 డాలర్లు దాటింది, అప్పటికి డాలర్ 88 రూపాయల పైనే ఉంది. ఆ లెక్కన 10 గ్రాములు దాదాపు లక్షా 13 వేలు, అప్పటి 6 శాతం దిగుమతి సుంకం కలిపితే లక్షా 20 వేలు, ఆ పైన 3 శాతం జీఎస్టీ, తరుగు, మజూరీ ఎలాగూ ఉన్నాయి. ఇప్పుడు 2011 సెప్టెంబర్ చూడండి. ఔన్సు 1,900 డాలర్లు, డాలర్ 46 రూపాయలు, అంటే 10 గ్రాములు 28 వేలు. డాలర్లలో బంగారం రెండింతలు అయితే మన దగ్గర నాలుగింతలు దాటింది! అదే బిస్కెట్‌ని అప్పట్లో డాలస్‌లో కొని దాచుకున్న మనవాడికి చేతికొచ్చేది రెట్టింపే. మనకి అదనంగా కనిపించేదంతా చాలావరకు రూపాయి కరిగిపోవడమే, దాన్ని లాభం అనుకుని మురిసిపోతున్నాం.

దీనికి రెండో వైపు కూడా ఉంది. 2011 తర్వాత బంగారం నిజంగానే కుప్పకూలింది, 2015 డిసెంబర్ నాటికి ఔన్సు 1,050 డాలర్ల దగ్గరికి వచ్చేసింది, అంటే దాదాపు 45 శాతం పతనం. మన దగ్గర మాత్రం 28 వేల నుంచి 25 వేలకి దిగిందంతే. ఎందుకంటే ఈలోపు డాలర్ 66 దాటింది, 2013లో కరెంట్ ఖాతా లోటు (దేశంలోకి వచ్చే డాలర్ల కంటే బయటికి పోయేవి ఎక్కువ కావడం) టెన్షన్‌తో కేంద్రం సుంకాన్ని 10 శాతం దాకా పెంచేసింది. బంగారం ఎప్పుడూ పడదు అని మన పెద్దవాళ్లు అంత ధీమాగా అంటారంటే ఆ ధీమాలో సగం వాటా రూపాయిదే.

ఇక అప్పుల సంగతి. 2011 ఆగస్టులో అప్పు తీర్చే సత్తాకి మార్కులేసే ఎస్ అండ్ పీ సంస్థ అమెరికా రేటింగ్ తగ్గించినప్పుడు బంగారం ఎగిరింది నిజమే. విచిత్రం ఏంటంటే, జనం అదే అమెరికా బాండ్ల మీద, అంటే ఆ ప్రభుత్వ అప్పు పత్రాల మీద కూడా ఎగబడ్డారు! ఆ తర్వాత నాలుగేళ్లు అమెరికా అప్పు పెరుగుతూనే ఉంది, బంగారం పడుతూనే ఉంది. కాబట్టి అప్పు పెరిగింది కనుక రేటు పెరుగుతుంది అనే లెక్క అంత తేలిగ్గా కుదరదు. అమెరికా అప్పు ఎగ్గొడుతుందని ఎవరికీ భయం లేదు, సొంత డాలర్లలోనే కదా తీర్చేది, ఆ తీర్చే డాలర్‌కి విలువ ఎంత మిగులుతుందన్నదే అనుమానం. 2024లో వాళ్లు కట్టిన వడ్డీ రక్షణ ఖర్చుని మించిపోయింది, ఆ అనుమానం ఊరికే పుట్టలేదు.

నా ఉద్దేశంలో అసలు మలుపు అప్పు కాదు, 2022. ఉక్రెయిన్ యుద్ధం మొదలవగానే రష్యా సెంట్రల్ బ్యాంకు విదేశాల్లో దాచుకున్న దాదాపు 300 బిలియన్ డాలర్ల నిల్వలకి పాశ్చాత్య దేశాలు తాళం వేశాయి. అంతే, మన డబ్బుకీ రేపు ఇదే గతి పడితే అని మిగతా దేశాలకి గుబులు పట్టుకుంది. 2022, 2023, 2024 మూడేళ్లూ సెంట్రల్ బ్యాంకులు ఏటా వెయ్యి టన్నులకి పైగా కొన్నాయి. వడ్డీ రేట్లు పెరిగితే వడ్డీ రాని బంగారం పడాలన్న పాత సూత్రం పనిచేయకపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే. వాళ్లు వడ్డీ కోసం కొనడం లేదు మరి. అందుకే అమెరికా అప్పు ఇన్ని లక్షల కోట్లు దాటింది అనే హెడ్‌లైన్ చూసి ఆ సాయంత్రమే షాపుకి పరిగెత్తడం నాకు అర్థం కాదు.

బంగారంలో మాట ఇస్తే ఎలా ఉంటుందో మన ప్రభుత్వాలకీ బాగానే తెలిసొచ్చింది. 2015 నవంబర్‌లో కేంద్రం బంగారం రేటుకి ముడిపెట్టిన అప్పు పత్రాలని, అంటే తొలి సావరిన్ గోల్డ్ బాండ్లని గ్రాము 2,684 రూపాయలకి అమ్మింది, 2023 నవంబర్‌లో గ్రాముకి 6,132 చొప్పున తిరిగి కట్టింది, మధ్యలో ఏటా ఇచ్చిన 2.75 శాతం వడ్డీ దీనికి అదనం. 2024 ఫిబ్రవరి తర్వాత కొత్త బాండ్ల ఊసే లేదు. రాష్ట్రాల స్థాయిలో చూస్తే, 2023 ఎన్నికల్లో తెలంగాణలో కాంగ్రెస్ పెళ్లి సాయంగా లక్ష రూపాయలతో పాటు తులం బంగారం ఇస్తామంది. అప్పుడు 10 గ్రాములు 60 వేల పైచిలుకు. రెండేళ్లు తిరక్కుండానే ఆ తులం పక్కనున్న లక్షని దాటేసింది. అదే హామీని బంగారం కొనడానికి 60 వేలు అని రాసుకుని ఉంటే ఖజానా మీద ఆ వాటా భారం చాలా తక్కువగా ఉండేది.