మెంతుల్ని పారబోసి నీళ్లు తాగుతున్నాం

హైదరాబాద్‌లో షుగర్ ఉన్న చాలా ఇళ్లలో ఒక అలవాటు కనిపిస్తుంది. రాత్రి గ్లాసు నీళ్లలో చెంచాడు మెంతులు వేస్తారు, తెల్లారి పరగడుపున ఆ నీళ్లు తాగేసి, అడుగున ఉబ్బిన గింజల్ని సింకులో పారబోస్తారు. పనిచేసేది పోయింది, చేదు నీళ్లు మిగిలాయి. మెంతుల బలం ప్రధానంగా వాటి జిగురు పీచులో ఉంది. గెలాక్టోమన్నన్ అనే ఆ పీచు పేగులో చిక్కబడి, అన్నంలోని పిండిపదార్థం ఒక్కసారిగా రక్తంలో కలవకుండా ఆపుతుంది. అది చాలావరకు గింజలోనే ఉండిపోతుంది, నీళ్లలోకి దిగేది కొంతే.

దీన్ని తేల్చడానికి విదేశాల దాకా పోనక్కర్లేదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులే 1980ల నుంచి ఈ పని చేశారు. 1990లో ప్రచురించిన అధ్యయనంలో వాళ్లు రోగులకు ఇచ్చింది నూనె తీసిన మెంతిపొడి, రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం. తర్వాత 25 గ్రాములతోనూ చూశారు. చెంచాడు మెంతులు తూస్తే దాదాపు 4 గ్రాములు. అంటే ఆ తక్కువ మోతాదుకు కూడా ఆరు చెంచాలు కావాలి. ఇక 500 మిల్లీగ్రాముల ఉత్త పొడి నింపిన క్యాప్సూల్ కొనేవాళ్లు రోజుకు 50 మింగాలి. డబ్బా మీద రాసేది రెండే.

మొదటి రోజే ఆరు చెంచాలు తింటే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మూడో రోజుకి మెంతుల మీదే విరక్తి పుడుతుంది. ఒక చెంచాతో మొదలుపెట్టి రెండు వారాల్లో మెల్లగా పెంచాలి. నానిన గింజల్ని రుబ్బి మజ్జిగలోనో, దోసెపిండిలోనో, జొన్నరొట్టె పిండిలోనో కలిపి, రెండు పూటలకు పంచుకోవాలి. పీచు మాత్రలకూ అడ్డుపడుతుంది కాబట్టి మాత్రకూ మెంతులకూ మధ్య గంటో రెండు గంటలో ఎడం ఉండాలి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఈ మోతాదు జోలికి పోకూడదు. ఇంత చాకిరీ ఉంది కాబట్టే నీళ్లు తాగి సరిపెట్టుకుంటున్నారు.

పార్కుల ముందు అమ్మే రసాల సంగతి వేరు. అక్కడ పనిచేయకపోవడం చిన్న సమస్య, ప్రాణం మీదికి రావడం పెద్దది. సొరకాయ ఒక్కోసారి చేదెక్కుతుంది. ఆ చేదు కుకుర్బిటసిన్ అనే విషం. 2010లో ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ శాస్త్రవేత్త ఒకరు సొరకాయ, కాకరకాయ కలిపిన రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణుల కమిటీ వేసి, చేదుగా ఉన్న సొరకాయ రసం తాగొద్దనీ, వేరే రసాలతో కలపొద్దనీ చెప్పింది. కలిపితే ఏ చేదు ఏ కాయదో నాలుకకు తెలియదు. మన రసాల బండ్ల మీద ఇప్పటికీ ఆ రెండూ ఒకే మిక్సీలో తిరుగుతున్నాయి.

కాకర, పొడపత్రి, నేరేడు గింజల పొడి ఒక్కటే తీసుకున్నప్పుడు పెద్దగా ఏమీ జరగకపోవచ్చు. షుగర్ దించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటూ, ఇవి తాగి, టిఫిన్ ఆలస్యం చేస్తేనే చిక్కు, షుగర్ మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఏదైనా పొడి నాలుగు రోజుల్లోనే షుగర్‌ను వంద పాయింట్లు దించిందంటే సంతోషించకండి, అనుమానించండి. మూలికల పేరుతో అమ్మిన మందుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ అనే అల్లోపతి షుగర్ మందులు కలిపి ఉన్నట్టు సింగపూర్, హాంకాంగ్ అధికారులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. మనకు 1954 నుంచే చట్టం ఉంది. షుగర్‌ను నయం చేస్తామని ప్రకటించడమే నేరం, మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. ఆ చట్టం ఉందని గుర్తున్నవాళ్లెవరైనా ఉంటే, ఒక్కసారి మెట్రో పిల్లర్ల మీద పోస్టర్లు చదవాలి.

మెట్‌ఫార్మిన్ కూడా మొక్క నుంచే వచ్చింది కదా అని మూలికల పక్షం వాదిస్తుంది. నిజమే, గెలేగా అనే యూరప్ మొక్క దాని మూలం. కానీ ఆ మొక్కలోని పదార్థం విషపూరితమని తేలాకే రసాయనంగా మార్చారు, 1957లో మనుషుల మీద వాడకం ప్రచురితమైంది, ఇవాళ ఏ మాత్రలోనైనా 500 అంటే 500 మిల్లీగ్రాములే. ఆకు పొడికి ఆ హామీ ఎవరిస్తారు?

అయినా పొడుల గురించి ఇంత మాట్లాడుకోవడమే కంచం మీంచి చూపు మళ్లించడం. పచ్చడన్నం, పప్పన్నం, చారన్నం, పెరుగన్నం: నాలుగు వాయిలూ అన్నమే, కూర నంజుకోవడానికి. ముందు కూర, పప్పు తిని ఆఖరున అన్నం తింటే భోజనం తర్వాతి షుగర్ తక్కువ ఎగబాకుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ ప్రకటన ఇవ్వరు. రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనాను షుగర్ బియ్యమంటూ అమ్ముతున్నారు. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 51 చుట్టూ ఉంది, బాగానే ఉంది. ఆ లెక్క 50 గ్రాముల పిండిపదార్థానికి. షుగర్ బియ్యం కదా అని మారు వడ్డించుకుంటే లెక్క చెల్లదు. రాగిజావ కథా అంతే. మెత్తటి పిండిని ఉడికించి తాగితే షుగర్ ఇట్టే పెరుగుతుంది, రాగులు మంచివే అయినా.

మెంతుల మీద పనిచేసిన అదే పోషకాహార సంస్థ 1918లో తమిళనాడులోని కూనూరులో పుట్టింది బెరిబెరి మీద పరిశోధనకు, అంటే పాలిష్ బియ్యం తెచ్చిన జబ్బు కోసం. నూరేళ్లు దాటాక, 2025 ఉగాది నుంచి మన తెలంగాణ సర్కారు రేషన్లో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తోంది. రోజుకు 200 గ్రాములు, అందులో 156 గ్రాములు పిండిపదార్థమే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అంచనా ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. దొడ్డుబియ్యం తినలేక అమ్ముకున్న పేదలకు సన్నబియ్యం గౌరవమే, కాదనను. కానీ ఆ ఆరులో రెండు కిలోలు జొన్నలు ఎందుకు కాకూడదు? వంద గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు, పాలిష్ బియ్యంలో మూడుకు లోపే. కర్ణాటక రేషన్లో రాగులు, జొన్నలు ఇస్తోంది. మనకు జహీరాబాద్, నారాయణఖేడ్, ఆదిలాబాద్ రైతులున్నారు. పిండిగా ఇస్తే మాత్రం పథకం మూలన పడుతుంది, ఎందుకంటే జొన్నపిండి కొన్ని వారాలకే ముక్కిపోతుంది. గింజలుగానే ఇవ్వాలి. పట్టించుకోవడానికి బస్తీల్లో గిర్నీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.