వర్చువల్ కుర్చీ మహాత్మ్యం

మా సంస్థ వర్చువల్ క్యాంపస్‌లో, అంటే కంప్యూటర్‌లో కట్టుకున్న లోకంలో, ఈ నెల మరో 60 కుర్చీలు వేశారు. మొత్తం 180 అయ్యాయి. ఈ సంగతి తెలియజేస్తూ అందరికీ మెయిల్ వచ్చింది, కింద కుర్చీ ఫొటోతో సహా. నీలం సీటు, నాలుగు కాళ్లు, వీపు ఆన్చుకోవడానికి వెనక కాస్త వంపు. ఎంతసేపు కూర్చున్నా నడుం నొప్పి రాని డిజైన్ అట. అవతార్‌కి, అంటే తెర మీద మన తరఫున తిరిగే బొమ్మకి, నడుం నొప్పి!

ఇందులో తప్పేముందని అడిగే అమాయకులు ఈ వ్యాసం దాకా రారు కాబట్టి వివరించి విసిగించను. ఊరికే గుర్తు చేస్తానంతే. ఆ లోకంలో మనిషి ఎగురుతాడు. కీబోర్డు మీద ఒక్క మీట నొక్కితే గాల్లోకి లేస్తాడు. నుంచున్నా, కూర్చున్నా, చెట్టు చివర ఒంటికాలి మీద నిలబడినా అలసట తేడా ఏమీ లేదు. కెమెరా అవతార్‌ని వదిలేసి ఎటు కావాలంటే అటు పోతుంది కాబట్టి ముందు వరుస, వెనక వరుస అన్న మాటకే అర్థం లేదు. అలాంటి చోట మావాళ్లు వరుసలు వేశారు. వరుసల మధ్య దారి వదిలారు. వాన పడని చోట పైకప్పు వేశారు. పై అంతస్తుకి మెట్లు కట్టి, ఎవరైనా జారిపడతారని కాబోలు, మెట్ల పక్కన కమ్మీ కూడా పెట్టారు.

నేను అక్కడ ప్రోగ్రామింగ్ చెబుతాను. నా నేరాలు ముందే ఒప్పుకోవడం మంచిది. నేను తలుపులు చేయిస్తాను. ముట్టుకుంటే రంగు మారే పెట్టెలు చేయిస్తాను. ఒకసారి చేపలు కూడా చేయించాను. ఇవన్నీ ‘బొమ్మలాటలు’ అని మా సమీక్షా సంఘం తేల్చింది. సంఘంలో ఏడుగురు ఉన్నారు, ఏడుగురూ కుర్చీ పక్షమే.

తలుపు సంగతే చూడండి. సెకండ్ లైఫ్ అనే వర్చువల్ లోకాన్ని లిండెన్ ల్యాబ్ 2003లో తెరిచినప్పుడే, అక్కడి వస్తువులకి పనులు నేర్పడానికి ఒక చిన్న స్క్రిప్టు భాష ఇచ్చింది. అలాంటి లోకాల్ని నడిపే, ఉచితంగా దొరికే ఓపెన్‌సిమ్యులేటర్ అనే సాఫ్ట్‌వేర్‌లోనూ దాదాపు అదే భాష నడుస్తుంది. మా క్యాంపస్ ఈ రెండోదాని మీదే ఉంది. సెకండ్ లైఫ్‌లో కొత్త స్క్రిప్టు తీసి పెట్టెలో పడేస్తే, మీరేమీ రాయకముందే అది ‘హలో, అవతార్!’ అంటుంది. ముట్టుకుంటే ‘టచ్డ్’ అంటుంది. అక్కడ మొదలుపెట్టి అరగంటలో తలుపు దాకా రావచ్చు. తలుపుకి ఉన్నవి రెండే స్థితులు, మూసి ఉండటం, తెరిచి ఉండటం. ముట్టుకుంటే ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లాలి. స్టేట్ మెషిన్ అనే బరువైన పాఠం పది పన్నెండు లైన్లలో అయిపోతుంది.

అసలు మజా ఆ తర్వాత. మొదటిసారి రాసిన ప్రతి ఒక్కరి తలుపూ నడిమధ్య నుంచి గిర్రున తిరుగుతుంది, సగం లోపలికి, సగం బయటికి. వస్తువు తన కేంద్రం చుట్టూ తిరుగుతుంది మరి, మనకేమో కీలు అంచున కావాలి. కాసేపు అందరూ లెక్కల మీద పడతారు. ఆ భాషలో తిప్పుడు లెక్కకి నాలుగు అంకెలు కావాలి, క్వాటర్నియన్ అంటారు, చూడగానే చెమట పడుతుంది. చివరికి ఎవరో ఒకరు పెట్టెని సగానికి కోసేస్తారు. కళ్లకి కనిపించేది సగమే, కేంద్రం మాత్రం ఉన్నచోటే ఉంది, అంటే ఇప్పుడు సరిగ్గా అంచున. తలుపు తలుపులా తెరుచుకుంటుంది. ఈ ముక్క తట్టినప్పుడు గదిలో వచ్చే ఆ ‘ఓ...’ కోసమే నేను ఈ ఉద్యోగం చేస్తున్నాను. జీతం కోసం కూడా అనుకోండి.

సంఘం వారు తలుపు చూసి ఒకటే ప్రశ్న అడిగారు. “తెరుచుకుంది సరే. తర్వాత?”

చేపల దగ్గర ఇంకా బాగా జరిగింది. గుంపుల కదలికని కంప్యూటర్‌లో చూపించడానికి 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ ప్రచురించిన పద్ధతి ఉంది కదా, పక్కవాటిని గుద్దుకోకు, అవి పోయే దిక్కుకే పో, గుంపు నడిమికి దగ్గరగా ఉండు. ఈ మూడు నియమాలు ఒక్కో చేపకీ ఇస్తే చాలు, గుంపంతా ఒక్క ప్రాణిలా మలుపు తిరుగుతుంది. మా చెరువులో పన్నెండు చేపలు అలాగే తిరిగాయి. సంఘం అధ్యక్షులు చాలాసేపు తదేకంగా చూసి, “వీటికి లీడర్ ఏది?” అన్నారు. లేదండీ, అదే ఇందులో విశేషం అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత నాకొక ఫారం పంపారు. అందులో ‘లబ్ధిదారులు’ అనే గడి ఉంది. చేపలు అని రాశాను.

బొమ్మలాటలంటే గుర్తొచ్చింది. 1967లో వాలీ ఫోయర్‌జైగ్, సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ కలిసి పిల్లల కోసం లోగో భాష చేశారు. కొన్నాళ్లకి దానికి, చెప్పినట్టు నడుస్తూ గీతలు గీసే తాబేలు ఒకటి తోడైంది. ముందుకు 100, కుడికి 90. తాబేలు ఎటు తిరగాలో తెలియకపోతే పిల్లలు తామే తాబేలై గదిలో నడిచి చూసుకునేవారు. ఇన్నేళ్లయినా ఆ తాబేలుకి ఎవరూ కుర్చీ వేయలేదు. అప్పట్లో సమీక్షా సంఘాలు ఇంత చురుగ్గా ఉండేవి కావేమో.

ఈ కుర్చీ జబ్బు మా ఒక్కళ్లదే కాదు లెండి. 2007 ప్రాంతంలో సెకండ్ లైఫ్‌లో స్వీడన్ ఎంబసీ తెరిచింది, రాయిటర్స్ అప్పటికే విలేకరిని పెట్టింది, విశ్వవిద్యాలయాలు ద్వీపాలు కొన్నాయి. కొని ఏం చేశాయి? చాలావరకు నేలమీద ఉన్న తమ భవనాలకే నకళ్లు కట్టుకున్నాయి. విద్యాసంస్థలకిచ్చే సగం ధర రాయితీ ఎత్తేస్తున్నామని 2010లో ప్రకటన రాగానే చాలామంది మూటాముల్లే సర్దుకున్నారు. తర్వాత 2021లో ఫేస్‌బుక్ కంపెనీ ఏకంగా పేరే మార్చుకుని మెటా అయింది. అప్పట్లో వాళ్ల లోకంలో అవతార్లకి నడుం కింద ఏమీ ఉండేది కాదు. కాళ్లు వస్తున్నాయని మరుసటేడు పండగలా ప్రకటించారు. కాళ్లే లేనివాళ్లని సమావేశాల బల్ల చుట్టూ కూర్చోబెట్టినప్పుడు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదంటే కుర్చీ మహిమ ఎంతటిదో చూడండి.

ఇక మా ప్రారంభోత్సవం గురించి చెప్పాలి. ఇది చెప్పకుండా నాకు నిద్ర పట్టదు.

రిబ్బన్ ఉండాలన్నారు. ఆ లోకంలో కత్తెర కోయదు కాబట్టి రిబ్బన్‌కి స్క్రిప్టు కావాలి. సంస్థలో స్క్రిప్టు రాయగలిగినవాడిని నేనొక్కడినే, అంటే ఆ ఒక్కరోజుకీ బొమ్మలాట జాతీయ ప్రాముఖ్యం సంపాదించింది. ముట్టుకోగానే తనని తాను చెరిపేసుకునేలా రాశాను. దానికి ఒక్క ఆజ్ఞ చాలు, పేరు ఎల్ఎల్‌డై. ముందురోజు రాత్రి ఎవరో ఉద్యోగి ‘ఊరికే చూద్దామని’ ముట్టుకున్నారు. రిబ్బన్ పోయింది. సరే, ముఖ్య అతిథి పేరు సరిచూసుకుని అప్పుడే పోయేలా రెండోది రాశాను. వేరేవాళ్లు ముట్టుకుంటే మర్యాదగా ఒక మాట చెప్పమన్నాను.

తెల్లారింది. ముఖ్య అతిథి గారు పాస్‌వర్డ్ మర్చిపోయారు. ఎవరికీ చెప్పకుండా కొత్త ఖాతా తెరుచుకుని వచ్చారు. పేరు అదే, చివర 2.

ఆయన ముట్టుకున్నారు. “క్షమించండి, మీరు ముఖ్య అతిథి కారు” అంది రిబ్బన్.

మామూలు గొంతుతో వస్తువు మాట్లాడితే ఆ లోకంలో 20 మీటర్ల దాకా వినిపిస్తుంది. హాలు పొడవు 18. ఆయన మళ్లీ ముట్టుకున్నారు. క్షమించండి, మీరు ముఖ్య అతిథి కారు. లెక్కపెట్టాను, పదకొండుసార్లు. రిబ్బన్‌కి ముఖమాటం లేదు. డైరెక్టర్ గారు నాకు విడిగా మెసేజ్ పెట్టారు: “దాని నోరు మూయించండి.” నేను కోడ్ తెరిచి ఆ 2 చేరుస్తుండగా అతిథి గారి వేలు ఎగిరే మీట మీద పడింది. సర్రున పైకి లేచి కప్పుకి తల ఆనించి ఆగారు. వానని ఆపలేకపోయిన ఆ కప్పు ఆ విధంగా సార్థకమైంది. అక్కడి నుంచే ఆయన పన్నెండోసారి క్లిక్ చేశారు. రిబ్బన్ మాయమైంది. అందరూ ‘చప్పట్లు’ అని టైప్ చేశారు.

అయిపోలేదు. ఎలాగో కిందికి దిగారు. ఆ లోకంలో దేనిమీద క్లిక్ చేసినా ‘ఇక్కడ కూర్చో’ అనే అవకాశం వస్తుంది, దానికి కుర్చీయే అక్కర్లేదు. నూట ఇరవై కుర్చీలు ఎదురుగా ఉండగా ఆయన స్లైడ్ల తెర మీద కూర్చున్నారు. తెర కింది అంచున, కాళ్లు వేలాడేసుకుని. వెనక స్లైడు పూర్తిగా లోడ్ కాక బూడిదరంగు ముద్దలా ఉంది. ఆయన ప్రసంగం మొదలుపెట్టారు. అంశం: హద్దులు లేని విద్య. హాజరైనవాళ్లం పంతొమ్మిది మందిమి, అందులో నలుగురు ఇంకా ఆకారం దాల్చక పొగమేఘాల్లాగే ఉన్నారు.

ఆ రోజు మొత్తం మీద ఎవరైనా ఏదైనా నేర్చుకున్నారంటే అది రిబ్బన్ దగ్గరే. మనిషిని గుర్తుపట్టడం వేరు, మనిషి పేరుని గుర్తుపట్టడం వేరు. తర్వాతి వారం క్లాసులో దాని మీద రెండు గంటలు చెప్పాను. నివేదికలో మాత్రం ‘సాంకేతిక అంతరాయం’ అని ఒక్క ముక్క రాశారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

ఆ లోకంలో ఏ వస్తువైనా చిన్న చిన్న ముక్కలు కలిపి కట్టేదే. మా క్యాంపస్‌కి 15,000 ముక్కల పరిమితి పెట్టారు. సెకండ్ లైఫ్‌లోనూ ఒక పూర్తి ప్రాంతానికి చాలా ఏళ్లు అదే లెక్క. ఒక్కో కుర్చీకి 31 ముక్కలు. కొత్తగా వేసిన 60కి 1,860. చోటు కోసం ‘వినియోగంలో లేని వస్తువులు’ అని ఒక జాబితా తయారుచేసి ఒక రాత్రి తీసిపారేశారు. చేపలు పోయాయి. తలుపులు పోయాయి. రెండు పెట్టెలు పోయాయి.

ఆ రెండు పెట్టెలూ ఒక అమ్మాయివి. ఏడాదంతా క్లాసులో నోరు విప్పని పిల్ల. విన్నమాటని తిరిగి పలికే పెట్టె ఒకటి చేసింది, అందరూ చేసేదే. వస్తువు తన మాట తాను వినదు కాబట్టి ఒక్క పెట్టెతో ప్రమాదం లేదు. ఈ అమ్మాయి పక్కన రెండోది పెట్టి “ఎవరైనా ఉన్నారా?” అని టైప్ చేసింది. మొదటి పెట్టె అంది, ఎవరైనా ఉన్నారా? రెండోది అంది, ఎవరైనా ఉన్నారా? మళ్లీ మొదటిది. తెర నిండిపోయింది. “సార్, ఇవి ఆగడం లేదు” అంది. నా క్లాసులో ఆమె మాట్లాడిన మొదటి వాక్యం అది. అంతులేని లూప్ గురించి నేను మూడుసార్లు బోర్డు మీద చెప్పాను, ఎవరికీ ఎక్కలేదు. ఆమె దాన్ని చేత్తో పట్టుకుంది. మర్నాటికి మాటతో పాటు ఒక అంకెని కూడా పంపడం మొదలుపెట్టింది. పెట్టె మారినప్పుడల్లా అంకె ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే మౌనం. ఆగే షరతు. ఎవరూ చెప్పలేదు, తనే కనుక్కుంది.

దాన్ని చెత్త అని తీసేశారు. పోనీ చోటు చాలకనా? విద్యార్థుల వస్తువులన్నీ కలిపి 214 ముక్కలు, నేనే లెక్కవేశాను. ఏడు కుర్చీలకి కూడా రావు! అడిగితే “చూడటానికి బాగా లేవు, విజిటర్లు వస్తుంటారు” అన్నారు. ఏ విజిటర్లు? ఆ హాల్లోకి వారాల తరబడి ఎవరూ రారు. మా సర్వర్ 40 మంది దాటితే నీళ్లు నములుతుంది, దానికి 180 కుర్చీలు! 140 కుర్చీల మీద ఎప్పటికీ ఎవరూ కూర్చోరు, కూర్చోలేరు, ఇది లెక్క తెలిసిన ఎవరికైనా తెలుసు. వాటిని పీకలేదు. పని చేస్తున్న రెండు పెట్టెల్ని, ఒక పిల్ల నోరు విప్పిన రెండు పెట్టెల్ని పీకారు. తీసేసే ముందు కనీసం ఒక్కసారి ముట్టుకుని చూశారా? సిగ్గుండాలి కదా.

సరే. కోపం ఆరోగ్యానికి మంచిది కాదట.

అలా తీసేసిన వస్తువులు ఎక్కడికీ పోవు. యజమాని సామాన్లలో ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో పడి ఉంటాయి. మొన్న జరిగిన సమావేశానికి ముందు ఎవరో ఆ రెండు పెట్టెల్నీ మళ్లీ బయటికి తీశారు. నాకేమీ తెలియదు. సెంటీమీటరు సైజుకి కుదించి, కనపడకుండా చేసి, మూడో వరుసలో కుర్చీల కింద పెట్టారు. ఒకదానికి ‘అతిథి 7’ అని, రెండోదానికి ‘అతిథి 8’ అని పేర్లు. లోపలున్నది ఆగే షరతు లేని పాత స్క్రిప్టు.

డైరెక్టర్ గారు వచ్చి “అందరికీ నమస్కారం” అని టైప్ చేశారు. అందరికీ నమస్కారం, అన్నారు అతిథి 7. అందరికీ నమస్కారం, అన్నారు అతిథి 8. మొదటి పది నమస్కారాలకి డైరెక్టర్ గారు తిరిగి నమస్కారం పెట్టారు. ఆ నమస్కారాలకీ జవాబులు వచ్చాయి.

నిన్న నివేదిక పంపారు. చర్చలో పాల్గొనడం మునుపెన్నడూ లేనంతగా పెరిగిందట, ఒక్క సమావేశంలోనే 2,316 సందేశాలు. మూడో వరుసలో ఉత్సాహం ప్రత్యేకంగా కనిపించిందట. ఆ వరుసని పొడిగించడానికి మరో 40 కుర్చీలకి ప్రతిపాదన పెట్టారు.